గిటార్ ఆగిన చోట కీబోర్డ్

పాటలు కట్టే గిటారిస్టు వర్క్‌స్టేషన్ కొనాలనుకున్నాడంటే అప్పటికే అతనికి చెవి ఉంది, తాళం తెలుసు, వేళ్లకు పట్టుబడిన వాద్యం ఒకటి ఉంది. ఏమీ రాని కొత్తవాడికి చెప్పే సలహా గానీ, చిన్నప్పటి నుంచి పియానో నేర్చినవాడికి చెప్పే సలహా గానీ అతనికి సరిపోదు. దుకాణంలో మాత్రం ముగ్గురికీ ఒకే లెక్క అప్పజెబుతారు: ఎన్ని వేల టోన్లు, ఎన్ని కీలు, ఎంత మెమరీ, ఎంత పాలిఫొనీ. గిటారిస్టు ఈ లెక్కలను ఆఖర్న చూసుకోవాలన్నది ఈ అధ్యాయంలో వాదన. తన చెయ్యి గిటార్ మీద ఏ పని చెయ్యలేకపోతోందో అతను ముందు తేల్చుకోవాలి. ఆ పనికి ఏ యంత్రం తక్కువ సతాయింపుతో అక్కరకొస్తుందో తర్వాత చూడాలి. ఇది అభిరుచికి వదిలేసే సంగతి కాదు. తీగల అమరిక, కీల కొలతలు, వాద్యాలు స్వరాలను సందేశాలుగా పంపుకునే మిడి సంకేతం పనిచేసే తీరు కలిసి దీన్ని నిర్ణయిస్తాయి.

ముందు యంత్రం సంగతి. ధ్వనులు పుట్టించే భాగం, వాయించినదాన్ని ట్రాకులుగా గుర్తుపెట్టుకునే సీక్వెన్సర్, డ్రమ్ములు, రివర్బ్ లాంటి ఎఫెక్టులు అన్నీ ఒకే పెట్టెలో, ఒకే కీబోర్డు కింద ఉంటే దాన్ని వర్క్‌స్టేషన్ అంటున్నాం. 1979లో ఆస్ట్రేలియాలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ తెచ్చిన ఫెయిర్‌లైట్ సీఎంఐలోనే ఈ ఆలోచన మొలకెత్తింది కానీ, దాని ఖరీదు ఇంటి ధరతో పోటీపడేది. మామూలు సంగీతకారుల చేతికి అది 1988లో కోర్గ్ ఎం1 రూపంలో అందింది. ఎం1లో 61 కీలు, 8 ట్రాకుల సీక్వెన్సర్, ఒకేసారి పలికే గొంతులు 16, సిద్ధంగా ఉంచిన టోన్లు 100. పియానో మొదలుకొని డ్రమ్ముల దాకా అందులోని నమూనా ధ్వనులన్నీ 4 మెగాబైట్లలో ఇమిడాయి. ఇవాళ సెల్‌ఫోన్‌తో తీసే ఒక్క ఫొటో అంతకన్నా పెద్దదిగా ఉండొచ్చు. ఆ కాస్త సరుకుతోనే ఆ తర్వాతి పదేళ్లలో పాప్, హౌస్ సంగీతంలో ఎన్నో పాటలు తయారయ్యాయి. టోన్ల సంఖ్యకూ పాటలు పుట్టడానికీ ఉన్న సంబంధం ఎంత పల్చనో ఎం1 చరిత్రే చెబుతుంది. పాలిఫొనీకి, అంటే ఒకేసారి పలికే గొంతుల సంఖ్యకు, మాత్రం కొంత అర్థముంది: నాలుగు పొరలు కలిపిన స్ట్రింగ్స్ టోన్‌తో గిటార్ మాదిరి ఆరు స్వరాల కార్డ్ పట్టుకుంటే 24 గొంతులు ఖర్చు. 16 గొంతుల యంత్రంలో కొన్ని స్వరాలు తెగిపోవాల్సిందే. ఇప్పుడు చౌక రకాల్లో కూడా 64, 128 ఉంటున్నాయి కనుక ఆ బెంగ దాదాపు తీరినట్టే.

ఇక చేతుల సంగతి. గిటార్ మీద ఒకే స్వరానికి చాలా చిరునామాలుంటాయి. మొదటి తీగను ఖాళీగా మీటితే వచ్చే 330 హెర్ట్జ్‌ల 'ఇ' స్వరమే రెండో తీగ 5వ ఫ్రెట్‌లో, మూడో తీగ 9లో, నాలుగో తీగ 14లో, ఐదో తీగ 19లో దొరుకుతుంది. కీబోర్డు మీద దానికి ఉన్నది ఒక్క కీ. ఇంకో తేడా ఆకారాల్లో ఉంది. గిటార్ మీద ఇ మేజర్ బార్ కార్డ్ పట్టుకున్న చెయ్యిని ఒక్కో ఫ్రెట్ పైకి జరుపుతూ పోతే ఎఫ్, ఎఫ్ షార్ప్, జి వరసగా వస్తాయి. వేళ్ల ఆకారం మారదు. కీబోర్డు మీద అదే ప్రయాణంలో ఇ మేజర్‌కు తెలుపు, నలుపు, తెలుపు. ఎఫ్‌కు మూడూ తెలుపు. ఎఫ్ షార్ప్‌కు మూడూ నలుపు. జి దగ్గర మళ్లీ మూడూ తెలుపు. గిటారిస్టుకు ఒకే ఆకారంగా తెలిసిన విషయం ఇక్కడ నాలుగు వేరువేరు విషయాలైపోతుంది. కీబోర్డు ముందు కూర్చున్న గిటారిస్టుకు మొదటి నెలల్లో కలిగే చికాకంతా దాదాపుగా ఇదే.

ఈ చికాకులోనే లాభమూ ఉంది. సి షార్ప్, డి షార్ప్, ఎఫ్ అనే మూడు పక్కపక్క స్వరాలను ఒకేసారి పలికించాలనుకోండి. గిటార్ మీద అందుకు మూడో తీగ 6వ ఫ్రెట్, రెండో తీగ 4వ ఫ్రెట్, మొదటి తీగ 1వ ఫ్రెట్ పట్టాలి. తీగ పొడవు 648 మిల్లీమీటర్లున్న గిటార్‌లో 1వ ఫ్రెట్‌కూ 6వ ఫ్రెట్‌కూ మధ్య దూరం 15 సెంటీమీటర్లు దాటుతుంది. వేళ్లు విరగదీసుకుంటే తప్ప అందదు. ఒక్క అర స్వరం కిందికి, అంటే సి, డి, ఇ అయితే మొదటి తీగ ఖాళీగా పలుకుతుంది కనుక సులువుగా వస్తుంది. ఆ ఖాళీ తీగ సాయం పోగానే దారి మూసుకుంటుంది. కీబోర్డు మీద ఆ మూడు స్వరాలూ 6 సెంటీమీటర్ల వెడల్పులో ఉంటాయి, ఏ శ్రుతికి జరిపినా దాదాపు అంతే. ఇప్పుడు తిరగేసి చూడండి. గిటార్ మీద మొట్టమొదట నేర్చుకునే ఇ మేజర్ కార్డ్ సరిగ్గా రెండు స్థాయిల మేర పరుచుకుంటుంది. దానికి ఎడమచేతి వేళ్లు మూడు, ఫ్రెట్లు రెండు చాలు. కీబోర్డు మీద ఒక స్థాయి వెడల్పు 16.5 సెంటీమీటర్లు, రెండు స్థాయిలంటే 33. ఒంటి చేత్తో అది ఎవరి వల్లా కాదు. దూరపు స్వరాలు గిటార్‌కు దగ్గర, దగ్గరి స్వరాలు గిటార్‌కు దూరం. కీబోర్డుకు సరిగ్గా ఎదురు.

చేతి సౌలభ్యం బాణీని ఎంతగా నడిపిస్తుందన్న దాని మీద గట్టి పరిశోధనే ఉంది. బ్రిటిష్ సంగీత శాస్త్రవేత్త జాన్ బెయిలీ 1970ల్లో అఫ్గానిస్తాన్‌లోని హెరాత్‌లో దుతార్ వాద్యాన్ని అధ్యయనం చేశారు. రెండు తీగల పల్లె వాద్యం కాలక్రమంలో పద్నాలుగు తీగల వాద్యంగా మారితే, మీటే చేతి కదలికలూ, వాటితోపాటు వాయించే సంగీతమూ ఎలా మారాయో ఆయన చూపించారు. 1992లో పీటర్ డ్రైవర్‌తో కలిసి ఫోక్ బ్లూస్ గిటార్ మీద రాసిన వ్యాసంలోనూ ఇదే వాదన: వాదకుడు చెవితో ఎంత ఆలోచిస్తాడో, ఫ్రెట్ల మీది ఆకారాలతోనూ కదలికలతోనూ అంత ఆలోచిస్తాడు. గిటార్ మీద కట్టిన పాటల్లో ఒకే ఆకారం పైకీ కిందికీ జరిగే కార్డ్ వరసలు, ఆగకుండా మోగే ఖాళీ తీగలు ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. బేస్ కిందికి దిగుతూ ఉంటే రాగం పైకెక్కడం లాంటి ఎదురు నడక రెండు చేతులు రెండు పనులు చేసే కీబోర్డు మీద సహజంగా దొర్లుతుంది. పైగా మీటిన క్షణం నుంచే తీగ నీరసిస్తుంది, దాన్ని బతికించడానికి మళ్లీ మళ్లీ స్ట్రమ్ చెయ్యాలి. కీబోర్డులోని ప్యాడ్ టోన్ వేలు తీసేదాకా నిలబడుతుంది. నాలుగు బార్ల పాటు కదలని స్వరం మీద సాగే విలంబిత పాట గిటారిస్టుకు తట్టకపోతే అది ఊహాశక్తి లోపం కానక్కర్లేదు, తీగ లోపం కావచ్చు.

గిటారిస్టు కొనవలసింది చేతికి వేరే దారులు చూపే ఈ రెండో పటం అని ఒప్పుకుంటే కీల సంఖ్య వివాదం చాలామటుకు తేలిపోతుంది. గిటార్ అడుగు స్వరం 82.4 హెర్ట్జ్‌లు, 24 ఫ్రెట్లున్న గిటార్ చిట్టచివరి స్వరం 1,318 హెర్ట్జ్‌లు. 61 కీల కీబోర్డు మామూలుగా 65.4 నుంచి 2,093 హెర్ట్జ్‌ల దాకా పోతుంది. అంటే గిటార్ పలికేదంతా అందులో ఇమిడిపోగా రెండు వైపులా చోటు మిగులుతుంది. బేస్ గిటార్ భాగాలకు 41 హెర్ట్జ్‌ల దాకా దిగాలి, దానికి ఆక్టేవ్ బటన్ ఒక్కసారి నొక్కితే చాలు. పియానో వాళ్లు ఊరుకోరు: 88 కీలు, సుత్తి బరువున్న కీలు లేకపోతే వేళ్లకు బలం రాదు, స్పర్శలో తేడాలు రావు అంటారు. పియానో రచనలు వాయించేవారికి ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మన గిటారిస్టు వాయించేది స్ట్రింగ్స్, ఆర్గాన్, బ్రాస్, సింథ్ బేస్. ఇవి తేలిక కీల మీదే చురుగ్గా పలుకుతాయి. ఇంకో చిన్న లెక్క: 61 కీల వరస 85 సెంటీమీటర్లలోపు, 88 కీల వరస 122 సెంటీమీటర్లు. అద్దె గదిలో గిటార్ ఒళ్లో పెట్టుకుని ఇటు తిరిగితే కీబోర్డు, అటు తిరిగితే మంచం ఉండే చోట ఆ తేడా చిన్నది కాదు.

శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ వాడటం దొంగదారి అనే అభ్యంతరం కూడా వినిపిస్తుంటుంది. గిటారిస్టు కేపో బిగించినప్పుడు ఆ మాట ఎవరూ అనరు. అమెరికన్ పాటల రచయిత అర్వింగ్ బెర్లిన్ దాదాపు జీవితమంతా ఎఫ్ షార్ప్ శ్రుతిలోనే, నల్ల కీల మీదే వాయించాడు. మిగతా శ్రుతుల కోసం మీట తిప్పితే శ్రుతి మారే ప్రత్యేక పియానో పెట్టుకున్నాడు. పాటలకు దాని వల్ల వచ్చిన నష్టం ఏమీ లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. అన్నీ సి మేజర్ ఆకారంలోనే వాయించి బటన్ మీద భారం వేస్తే, ఇంతకు ముందు చెప్పిన నాలుగు ఆకారాల తేడా వేళ్లకు ఎప్పటికీ అందదు, గిటార్ అలవాటే కీబోర్డు మీదికి కూడా వచ్చి కూర్చుంటుంది. గాయకుడు ఎదురుగా కూర్చుని శ్రుతి మార్చమన్నప్పుడు బటన్ వాడుకోవాలి, ఒంటరిగా సాధన చేసేటప్పుడు దాని జోలికి పోకూడదు.

గిటారిస్టు నిజంగా నష్టపోయేది తీగను వంచే చోట. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించడానికి మామూలు నాలుగు జంట తీగల వాద్యాన్ని వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వాడారు. జంట తీగలను కలిపి లాగి గమకం పలికించడం ఎంత కష్టమో తలుచుకుంటే ఆ మార్పు విలువ తెలుస్తుంది. కీబోర్డు మీద ఈ పనికి ఉన్నది పిచ్ బెండ్ చక్రం లేదా జాయ్‌స్టిక్. మిడి సంకేతంలో బెండ్‌కు 16,384 మెట్లుంటాయి కనుక సున్నితత్వానికి లోటు లేదు. మామూలుగా పైకి రెండు, కిందికి రెండు అర స్వరాల మేర కదులుతుంది, రాక్ గిటారిస్టు తీగను లాగే మేర కూడా తరచు అంతే. చిక్కు మరో చోట ఉంది. మూడో తీగ 10వ ఫ్రెట్‌లోని ఎఫ్‌ను లాగి, రెండో తీగ 8వ ఫ్రెట్‌లో కదలకుండా మోగుతున్న జి తో కలపడం గిటారిస్టుకు రోజువారీ పని. కీబోర్డు మీద ఆ రెండు కీలూ నొక్కి చక్రం తిప్పితే రెండు స్వరాలూ కలిసి పైకి పోతాయి, ఎన్నటికీ కలవవు. బెండ్ సందేశం ఒక చానెల్ మొత్తానికి వర్తించడమే ఇందుకు కారణం. ఒక్కో స్వరానికి ఒక్కో చానెల్ ఇచ్చే ఎంపీఈ పద్ధతికి 2018లో ఆమోదం దొరికింది, కానీ అన్ని వర్క్‌స్టేషన్లలోనూ అది ఉండదు. అందుకే వేలాది టోన్ల కన్నా చేతికి అనువైన బెండ్ చక్రం, నొక్కిన కీని ఇంకాస్త అదిమితే స్పందించే ఆఫ్టర్‌టచ్, ఎక్స్‌ప్రెషన్ పెడల్ పెట్టుకునే జాక్ ఉన్నాయా అన్నది ముందు చూడాలి. మహావిష్ణు ఆర్కెస్ట్రాలో జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్‌కు దీటుగా యాన్ హామర్ మినీమూగ్ మీద వంచిన స్వరాలు వింటే ఆ చిన్న చక్రంతో ఎంత సాధించవచ్చో తెలుస్తుంది.

అలాంటప్పుడు కీబోర్డు ఎందుకు, గిటార్ నుంచే సింథ్ పలికించొచ్చు కదా అని అడగొచ్చు. రోలాండ్ కంపెనీ 1977లోనే జీఆర్-500 అనే గిటార్ సింథసైజర్ తెచ్చింది. పాట్ మెథినీ జీఆర్-300తో వాయించిన సోలోలు ప్రసిద్ధం. సోలోకు అది అద్భుతమైన సాధనం. స్వరాలను మిడి సందేశాలుగా మార్చి సీక్వెన్సర్‌కు ఎక్కించాలంటే మాత్రం భౌతికశాస్త్రం అడ్డొస్తుంది. పలికింది ఏ స్వరమో తేల్చడానికి యంత్రం కనీసం ఒక పూర్తి కంపనం వినాలి. 82.4 హెర్ట్జ్‌ల తీగలో ఒక కంపనానికి 12 మిల్లీసెకన్లు పడుతుంది. రెండు వింటే గానీ నమ్మకం కుదరదనుకుంటే 24. మొదటి తీగకు ఒక్కో కంపనం 3 మిల్లీసెకన్లే. అంటే ఒకే స్ట్రమ్‌లో లావు తీగలు వెనక, సన్న తీగలు ముందు పలికే ప్రమాదం ఉంది. కీబోర్డుకు వినాల్సిన పనే లేదు. కీ కింద రెండు కాంటాక్టులుంటాయి. ఒకదాని తర్వాత ఒకటి తగలడానికి పట్టిన సమయాన్ని బట్టి ఎంత గట్టిగా నొక్కారో లెక్కగట్టి, 1 నుంచి 127 దాకా ఒక అంకెగా పంపేస్తుంది. 1983లో డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషీల చొరవతో స్థిరపడ్డ మిడి తీగలో సెకనుకు 31,250 బిట్లు పోతాయి, ఒక స్వరం సందేశం చేరడానికి మిల్లీసెకను చాలు.

సీక్వెన్సర్ విలువ కూడా ఇక్కడే ఉంది. నాలుగు నిమిషాల పాటను సీడీ నాణ్యతతో శబ్దంగా భద్రపరిస్తే 42 మెగాబైట్లు. అదే పాటలో ఐదు వేల స్వరాలున్నాయనుకుంటే మిడి సందేశాలుగా దాని బరువు 30 కిలోబైట్ల చిల్లర. బరువు తగ్గడం కన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, శబ్దంగా పట్టినదాన్ని మార్చడం కష్టం. సందేశాలుగా పట్టినదాంట్లో ఒక తప్పు స్వరం దిద్దవచ్చు, నడక పెంచవచ్చు, శ్రుతి దించవచ్చు, ఫ్లూట్‌కు రాసిన బిట్‌ను వయొలిన్లతో విని చూడవచ్చు. బాణీ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు కావలసింది ఈ వెసులుబాటే. కాబట్టి వర్క్‌స్టేషన్ ఎంపికలో నా లెక్కన అన్నిటికన్నా బరువైన ప్రశ్న: స్విచ్ వేసినప్పటి నుంచి నాలుగు బార్లు రికార్డయ్యేదాకా ఎన్ని బటన్లు నొక్కాలి? కొన్నిట్లో రెండు మూడు నొక్కులతో పని అయిపోతుంది, కొన్నిట్లో మెనూ వెనక మెనూ తెరవాలి. తట్టిన బాణీ ఐదో మెనూ దాకా ఆగదు. పాటను పల్లవి, చరణం, బిట్ అని ముక్కలుగా పట్టి తర్వాత వరస మార్చుకునే సదుపాయం ఉందో లేదో కూడా అక్కడే తేల్చుకోవాలి.

మన ఊళ్లలో కీబోర్డు అనగానే చాలామందికి గుర్తొచ్చేది పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కనిపించే అరేంజర్ రకం. యమహా పీఎస్ఆర్-ఐ వరసలో తబలా తాళాలు, సితార్ టోన్లు సిద్ధంగా ఉంటాయి. ఎడమచేత్తో కార్డ్ పట్టుకుంటే తాళం, బేస్, స్ట్రింగ్స్ వాటంతటవే వస్తాయి. ధరా అందుబాటులో ఉంటుంది. వేదిక మీద పాత పాటలు వాయించడానికి దాన్ని మించింది లేదు. కొత్త పాట కట్టేవాడికి మాత్రం ఎవరో ముందే అల్లిపెట్టిన నడక చెవిలో దూరి, పాటను తన వైపు లాక్కుంటుంది. గిటార్ అలవాటు నుంచి తప్పించుకుందామని వచ్చి ఇంకొకరి అలవాటులో చిక్కుకోవడం ఎందుకు?

గిటార్‌ను అదే పెట్టెలోకి రికార్డ్ చెయ్యాలనుకునేవారు ఇన్‌పుట్ జాక్ గురించి తప్పక అడగాలి. ఎలక్ట్రిక్ గిటార్ పికప్ సంకేతం బలహీనమైనది. దానికి 10 లక్షల ఓమ్‌ల నిరోధం ఉన్న హై-జడ్ ఇన్‌పుట్ కావాలి. చాలా యంత్రాల్లో ఉండే లైన్ ఇన్‌పుట్ నిరోధం పదివేల ఓమ్‌ల చుట్టుపక్కలే. నేరుగా అందులో గుచ్చితే గిటార్ పదును పోయి దుప్పటి కప్పినట్టు పలుకుతుంది. మధ్యలో ఒక ప్రీఆంప్‌గానీ, బఫర్ ఉన్న పెడల్‌గానీ పెడితే సరిపోతుంది.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం కంప్యూటర్ వైపు నుంచి వస్తుంది. ల్యాప్‌టాప్, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, 49 కీల మిడి కంట్రోలర్ ఉంటే వర్క్‌స్టేషన్‌ను మించిన టోన్లు, పెద్ద తెర వస్తాయి. ఈ మాటను తోసిపుచ్చలేం. మంచి కంప్యూటర్ ఇప్పటికే ఉండి, వేదిక ఎక్కే పని లేనివారు వర్క్‌స్టేషన్ కొనడం డబ్బు దండగ అనే నా అభిప్రాయం. అయినా రెండు విషయాలు చూడాలి. కంప్యూటర్ ధ్వనిని బఫర్లుగా పోగుచేసి పంపుతుంది. 256 శాంపిళ్ల బఫర్ అంటే దాదాపు 6 మిల్లీసెకన్ల ఆలస్యం, పాత యంత్రంలో బఫర్ పెంచక తప్పకపోతే అది ఇరవై ముప్పై దాటి వేళ్లకు తెలుస్తుంది. రెండోది, ఎం1 ఇవాళ స్విచ్ వేసినా 1988లో పలికినట్టే పలుకుతుంది. ఆనాటి కంప్యూటర్ ప్రోగ్రాములను ఇప్పటి ల్యాప్‌టాప్‌లో నడపడం మామూలు మనిషి పని కాదు. వేదికలెక్కేవారికీ, తెర ముందు కూర్చోగానే పాట మీది ధ్యాస చెదిరేవారికీ వర్క్‌స్టేషనే మేలు.

ఇళయరాజాకు ఏ వర్క్‌స్టేషన్ ఉందని మరొకరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆయన సినిమాల్లో తొలి రోజుల్లో గిటారిస్టు, సలీల్ చౌదరి ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించినవాడు, ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చినవాడు. జాతీయ అవార్డులు తెచ్చిపెట్టిన 'సాగర సంగమం', 'రుద్రవీణ' సంగీతం సహా తన స్కోర్లను కాగితం మీద నేరుగా రాసుకునే అలవాటు ఆయనది. కానీ మధ్యాహ్నానికి ఆ కాగితాన్ని పలికించే వయొలిన్ వరసలు, ఫ్లూట్లు, బేస్ గిటార్ ఎదురుగా సిద్ధంగా ఉండేవి. అంతమంది వాదకులను పిలిపించుకోలేని వాళ్ల కోసమే సీక్వెన్సర్. ఆయన దగ్గర కీబోర్డు వాయించిన ఎ. ఆర్. రెహమాన్ ఆ తర్వాత యంత్రాల మీదే పాటలు కట్టి 1992లో 'రోజా'తో మరో దారి వేశాడు. రెండు దారులూ మంచివే. మీకు అందుబాటులో ఉన్నది ఏది అన్నదే లెక్క.

దుకాణానికి వెళ్లేటప్పుడు గిటార్ వెంట తీసుకెళ్లండి. గిటార్ మీద మీకు సగంలో ఆగిపోయిన పాట ఒకటి ఎంచుకుని, అమ్మేవారి సాయం అడక్కుండా దాని బేస్, ప్యాడ్, తాళం మూడు ట్రాకులుగా పట్టే ప్రయత్నం చెయ్యండి. అరగంటలో అవి పట్టుబడితే టోన్లు ఎన్నని అడగకుండా దాన్నే కొనండి. అరగంటా మాన్యువల్ తిరగేయడంతోనే గడిచిపోతే, ఎంత పేరున్న యంత్రమైనా అక్కడే వదిలి రండి.